నాలుగు వేళ్ళు తక్కువ పెళ్ళికొడుకు

పెదమేకలవలసలో తెలివేటి వారి ఇల్లు ఎక్కడని ఎవరినీ అడగనక్కర్లేదు. వీధిలో కాసేపు నిలబడితే చాలు. ఏ ఇంట్లోంచి "మనకున్న తెలివి ఎవలికుంది?" అన్న మాట వినపడుతుందో అదే వాళ్ళ ఇల్లు. ఇంటి పెద్ద గవరయ్య, ఆయన భార్య నూకమ్మ, పెద్దకొడుకు అసిరయ్య, చిన్నకొడుకు తవుడు, మొత్తం నలుగురు. అసిరయ్య పెళ్ళాం పుట్టింటికి పోయి మూడేళ్ళయింది. వెళ్ళేటప్పుడు "వెళ్ళొస్తాను" అంది కాబట్టి వస్తుందని అందరూ నిశ్చింతగా ఉన్నారు.

గవరయ్యకి ఒక సిద్ధాంతం ఉంది. ఎదుటివాడు చెప్పిన మాట చెప్పినట్టు చెయ్యాలి. అందులో సొంత తెలివి కలపకూడదు. కలిపితే తెలివి అరిగిపోతుంది. ఆయన తండ్రీ అంతే, తాతా అంతే. అందుకే ఆ ఇంటి తెలివి మూడు తరాలుగా ఎవరూ ముట్టుకోకుండా కొత్తదానిలా ఉండిపోయింది. ఒకసారి పక్కింటివాళ్ళు ఊరెళ్తూ, మా ఇంటి మీద ఓ కన్నేసి ఉంచండి అన్నారు. అంతే. నలుగురూ అరుగు మీద కూర్చుని, ఒక కన్ను అరచేత్తో మూసుకుని, రెండో కన్ను ఆ ఇంటి మీద వేశారు. దొంగ వచ్చి బిందెలు పట్టుకుపోతుంటే నలుగురూ కళ్ళారా, అంటే కన్నారా చూశారు. పక్కింటివాళ్ళు తిరిగొచ్చి లబోదిబోమంటే, కన్నెయ్యమన్నారు గానీ చెయ్యి వెయ్యమన్లేదు కదా అని గవరయ్య వాళ్ళకే బుద్ధి చెప్పి పంపాడు.

అలాంటి ఇంట్లో తవుడికి పెళ్ళి మీద మనసు పుట్టింది. మంగళవారం సంతలో వాడు చీపుళ్ళు అమ్ముకుంటూ దారికి అడ్డంగా నిలబడితే, చింతపండు బుట్ట నెత్తిన పెట్టుకున్న ఒక పిల్ల వచ్చి కాస్త జరగమంది. ఎంతవరకు జరగాలో చెప్పలేదు కాబట్టి వాడు జరుగుతూ జరుగుతూ సంత దాటి, చెరుకుతోట దాటి, కాలవగట్టు దాకా పోయాడు. ఆ పిల్ల పొట్ట పట్టుకుని నవ్వుతూ వెనకాలే వెళ్ళి, ఇంక చాలు ఆగమని చెప్పి, చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చింది. పేరు ముత్యాలు, గుర్రాలపేట పోలినాయుడి కూతురు. ఇంత మాట వినే మగవాడు ముందుముందు దొరకడనుకుందో ఏమో, ఇంటికెళ్ళి తండ్రికి తనే చెప్పింది. తవుడు ఆ రోజు నుంచి అన్నం తినడం మర్చిపోయి, గుర్తుచేస్తే రెండుసార్లు తినడం మొదలుపెట్టాడు.

నలుగురూ ఉతికిన బట్టలు కట్టుకుని గుర్రాలపేట వెళ్ళారు. పోలినాయుడు మర్యాదస్తుడు. మజ్జిగ ఇచ్చాడు, మంచం వాల్చాడు, పిల్లనీ పిల్లాడినీ పక్కపక్కన నిలబెట్టి చూశాడు. పిల్ల కంటే పిల్లాడు సరిగ్గా నాలుగు వేళ్ళు పొట్టి. మొహం మీద కాదనడం ఆయనకి చేతకాదు.

"పిల్లడు బంగారం బావా. మరో నాలుగు వేళ్ళు పొడుగుంటే ఈ పున్నానికే ముగూర్తం పెట్టీసేవోణ్ణి" అన్నాడు, తన నాలుగు వేళ్ళూ చూపించి.

మనలాంటి వాళ్ళకైతే ఆ మాటకి అర్థం తెలుసు. చెంబు కింద పెట్టి, కండువా దులుపుకుని, దారి పట్టి వచ్చేస్తాం. కానీ గవరయ్య మొహం వెలిగిపోయింది. ఎంత కావాలో చెప్పాడు, ఎప్పటికి కావాలో చెప్పాడు, ఇంతకంటే తేటగా మాట్లాడే వియ్యంకుడు ఎక్కడ దొరుకుతాడని దారి పొడుగునా మెచ్చుకున్నాడు. తవుడు మాత్రం వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ నడిచాడు. ఇంటికొచ్చాక అన్నని పెరట్లోకి తీసుకెళ్ళి, ముత్యాలు దక్కకపోతే తనకి ఈ జన్మకి పెళ్ళే వద్దని చెప్పి ఏడ్చాడు. అసిరయ్య కూడా ఏడ్చాడు. పున్నానికి, అంటే పౌర్ణమికి, పన్నెండు రోజులుంది.

ముందు కొలత కావాలి. కర్ర అయితే వంగదు, తాడు అయితే పురి విడిపోతుంది అని ఆలోచించి అసిరయ్య పాత సైకిలు ట్యూబు ఒకటి చీల్చి పట్టీ చేశాడు. ఇదైతే పెద్దలు ఎలా లాగితే అలా వస్తుంది, మంచి వినయం గలది అన్నాడు. తవుడి అరికాలు నుంచి నడినెత్తి దాకా పెట్టి, ఆ పైన నాలుగు వేళ్ళు కలిపి, అక్కడ సున్నంతో గీత గీశారు. వాడి నెత్తి ఆ గీతకి తగిలిన రోజు ముత్యాలు కోడలు.

ఇంకేముంది, గంటకోసారి కొలతే. నూకమ్మది ఇరవై ఏళ్ళు నీళ్ళు తోడిన చెయ్యి. ఆవిడ ట్యూబు పట్టి లాగి కొలిస్తే గీత ఎక్కడో చూరు దగ్గరికి పోయింది, తవుడు మూరెడు తక్కువొచ్చాడు. గవరయ్య చేతులకి వణుకు, ఆయన మెల్లగా పట్టుకుంటే నాలుగు వేళ్ళే తక్కువొచ్చాడు. మళ్ళీ నూకమ్మ కొలిస్తే మళ్ళీ మూరెడు. తండ్రి దగ్గర పెరుగుతున్నాడు, తల్లి దగ్గర తరుగుతున్నాడు. నలుగురూ బుర్రలు పట్టుకుని కూర్చుని, తల్లిని చూడగానే బిడ్డ భయంతో ముడుచుకుపోతున్నాడని తేల్చారు. నూకమ్మ వాడి కంటపడకుండా వంటింట్లో ఉండి, గోడకి కన్నం చేసి అన్నం ముద్దలు అందించేది.

సరే, పెంచడం ఎలా? ఊరి మొదట్లో దాలయ్య అని సైకిలు షాపువాడు ఉన్నాడు. లాగడం, బిగించడం, వంచడం వాడి వృత్తి. గవరయ్య వెళ్ళి, దేన్నైనా పొడుగు చెయ్యాలంటే దారేదని అడిగాడు. మనిషి సంగతని చెప్పలేదు, అడగలేదు కాబట్టి. దాలయ్య సామాన్లు కట్టుకునే రబ్బరు కోసం అనుకున్నాడు పాపం. ట్యూబు ముక్క ఒకటి మేకుకి తగిలించి, కింద ఇటుక కట్టి చూపించాడు.

"ఒక ఇటిక కడితే బెత్తెడు సాగుద్ది. రెండు కడితే రెండు బెత్తిళ్ళు. తీసీస్తే మల్లీ మొదటికొచ్చీద్ది. మరీ మోటుగా లాగితే తెగుద్ది, తరవాత నన్నడక్కు మావా" అన్నాడు.

అంతే. పెరట్లో ఆనపపాదు కోసం రెండు గుంజల మీద అడ్డంగా కట్టిన వెదురు ఉంది. తవుడిని దానికి వేలాడదీశారు. కాళ్ళకి ఒక ఇటుక కట్టారు. సాగలేదు. రెండు కట్టారు. తవుడు "అబ్బా" అన్నాడు, సాగలేదు. నాలుగు, ఎనిమిది, పన్నెండు కట్టేసరికి వెదురు విల్లులా వంగి, వంగి, తవుడి కాళ్ళు మెల్లగా వచ్చి నేలకి ఆనాయి. పొద్దున నేలకి జానెడు ఎత్తున ఉన్న కాళ్ళు ఇప్పుడు నేల మీదున్నాయి. అసిరయ్య చప్పట్లు కొట్టాడు. నాలుగు వేళ్ళడిగితే జానెడు సాగాడు, మిగిలింది వియ్యంకుడు వాపసు అడుగుతాడేమో అని గవరయ్యకి కొత్త బెంగ పట్టుకుంది. పైనున్న వెదురు వైపు ఎవరూ చూడలేదు, ఎందుకంటే సాగదీసింది వెదురుని కాదు కదా.

తీసేస్తే మళ్ళీ మొదటికొస్తుందని దాలయ్య చెప్పాడు. కాబట్టి తియ్యలేదు. తవుడు శుభ్రంగా నేల మీద నిలబడి, రెండు చేతులతో వెదురు పట్టుకుని, తను వేలాడుతున్నానని నమ్మి మూడు రోజులు మూలిగాడు. గవరయ్య ఎదురుగా నులకమంచం వేసుకుని కూర్చుని, ఓర్చుకోరా నాయనా అంటూ విసనకర్రతో విసిరాడు. మూడో రోజు నూకమ్మ కన్నంలోంచి చూసి చూసి ఇంక ఆగలేకపోయింది. కన్నతల్లి కదా. గబగబా వచ్చి బిడ్డ కాళ్ళకి ఇటుకలు కట్టిన తాళ్ళన్నీ ఒక్క కత్తివేటుతో కోసేసింది. ఇంకేముంది, వంగిన వెదురు జయ్యిమని లేచింది. తవుడు దాంతోపాటు లేచి, కంచె దాటి, పక్కింటివాళ్ళ పెంటకుప్పలో నడుం దాకా దిగబడ్డాడు. పైన ఉన్నంతసేపూ మంచి పొడుగ్గానే కనిపించాడని అసిరయ్య చెప్పాడు. కడిగి కొలిస్తే నాలుగు వేళ్ళు తక్కువ. మొదటికొచ్చేశాడు.

తిరిగి రాకుండా సాగేది ఏమిటా అని కమ్మరి దగ్గరికెళ్ళారు. ఆయన పనిలో ఉన్నాడు. ఇనుము చల్లగా ఉండగా ఎంత లాగినా దండగని, ఎర్రగా చేసి కొడితే సాగుతుందని, అలా సాగింది మరి వెనక్కి రాదని చెప్పాడు. నీళ్ళలో ముంచారంటే మాత్రం గట్టిపడిపోతుందని, ఆ తరవాత ఎన్ని దెబ్బలేసినా వినదని కూడా చెప్పాడు. వెనక్కి రాదన్న మాట వినగానే గవరయ్యకి ప్రాణం లేచొచ్చింది. అయితే కన్నకొడుకుని కొలిమిలో పెట్టడానికి మనసొప్పలేదు. కావలసింది ఎర్రబడటమేగా అని నూకమ్మ సీమమిరపకాయలు రోట్లో వేసి, ఉప్పు కూడా తగలకుండా నూరి, ముద్దకి నిమ్మకాయంత చొప్పున నంజించింది. ఏడో ముద్దకి తవుడు చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఎనిమిదో ముద్దకి పాకం సరిగ్గా వచ్చిందని గవరయ్య చెప్పగానే అసిరయ్య రోకలి ఎత్తాడు.

ఆ రోకలి చూసి తవుడు ఎగిరి పరిగెత్తాడు. నాలిక మండుతోంది, కళ్ళు కనపడటం లేదు. పశువుల కుడితితొట్టి తగిలింది. తలకాయ మెడ దాకా అందులో ముంచేశాడు. ఇంట్లోవాళ్ళు గొల్లుమన్నారు. నీళ్ళలో మునిగిపోయాడు, గట్టిపడిపోయాడు, ఇంకెక్కడి సాగడం అని నూకమ్మ శోకాలు పెట్టింది. గవరయ్య వంగి కొడుకు నెత్తి మీద వేలితో తట్టి చూశాడు. టక్ మంది. నిజంగానే గట్టిపడిందని తల పట్టుకున్నాడు. అది పుట్టినప్పటి నుంచీ అలాగే ఉందని ఆయనకి గుర్తులేదు.

పున్నానికి ఇంకా రెండు రోజులే ఉంది. తవుడు ఏడుస్తూ మూల కూర్చున్నాడు. నూకమ్మ వాడికిష్టమని రొట్టెలు చేద్దామని పిండి కలుపుతూ, ముద్దని పిడికిట్లో పట్టి పిసికింది. మధ్యలో నొక్కితే పిండి పైనుంచీ కిందనుంచీ పొడుచుకొచ్చింది. ఆవిడ అలాగే కాసేపు చూసి, పిండిచేతులతో పరిగెత్తుకొచ్చి అందరికీ చూపించింది. నడుం నొక్కితే పొడుగు వస్తుంది. ఇంత తేలికైన సంగతి దాలయ్యకి తెలీదు, కమ్మరికి తెలీదు. మూడు తరాలు దాచిన తెలివి ఈవిడ ఒక్కర్తీ ఖర్చుపెట్టేసిందని గవరయ్య కాస్త నొచ్చుకున్నాడు, కానీ అవసరానికి వాడక తప్పదన్నాడు.

మంచం నులక విప్పి తవుడికి చుట్టారు. పిక్కల నుంచి చంకల దాకా, వరసకి వరస ఆనించి, తండ్రి ఒక పక్క అన్న ఒక పక్క కాలు తన్నిపెట్టి బిగించారు. కళ్ళు ముందుకొచ్చాయి, నాలిక బయటికొచ్చింది, జుట్టు నిక్కబొడుచుకుంది. పైకి పొడుచుకొస్తోందని నూకమ్మ సంతోషించింది. కొలతకి గవరయ్య ట్యూబు పట్టుకున్నాడు. రెండు గంటలు నులక లాగిన చేతులు, ఇంక వాటిలో పస లేదు. ట్యూబు వదులై, మధ్యలో ముడతలు పడి, సున్నంగీత జారుతూ జారుతూ వచ్చి సరిగ్గా తవుడి నెత్తి మీద ఆగింది. అంతే. నాలుగు వేళ్ళూ వచ్చేశాయి, పిల్లని తీసుకుని రమ్మని గుర్రాలపేట కబురు వెళ్ళింది.

పోలినాయుడు ఆ కబురు నమ్మలేదు. నమ్మకపోయినా, ఇరవై ఆరేళ్ళవాడు పది రోజుల్లో నాలుగు వేళ్ళు ఎలా పెరిగాడో చూడకుండా ఉండలేకపోయాడు. నేనూ వస్తానని ముత్యాలు బండెక్కింది. వచ్చి చూస్తే ఏముంది, వాకిట్లో నులక చుట్టిన బొంగరంలా కాబోయే అల్లుడు. గవరయ్య ట్యూబుతో కొలిచి చూపిస్తే పోలినాయుడు ఆ ట్యూబు కొస పట్టుకుని ఒకసారి లాగి, వదిలి, నవ్వు పట్టలేక గోడకి చేరగిలబడ్డాడు. తరవాత చేతికర్రతో ముత్యాలునీ తవుడినీ కొలిచాడు. నాలుగు వేళ్ళు తక్కువ. నులక విప్పించి కొలిచాడు. అయినా నాలుగు వేళ్ళే తక్కువ.

తవుడు ఆయన ముందు నిలబడ్డాడు. పది రోజుల దెబ్బకి మనిషి సగమయ్యాడు. "మావా, వేలాడినాను, మిరపకాయలు తిన్నాను, నులక సుట్టించుకున్నాను. నా ఒళ్ళు సాగనేదు. నాను అబద్దమాడను. పిల్లని పొడుగోడికే ఇచ్చీయండి" అన్నాడు. అని ముత్యాలు వైపు చూడలేక తల దించుకున్నాడు.

పోలినాయుడి నవ్వు ఆగిపోయింది. తను మర్యాదకి అన్న ఒక్క మాట పట్టుకుని వీడు ఇన్ని పడ్డాడా అని ఆయనకి సిగ్గేసింది, జాలేసింది, చివరికి వాడి మీద ప్రేమే కలిగింది. ఆయన ఏమీ అనకముందే ముత్యాలు ముందుకొచ్చింది.

"అయ్యా, పొడుగు నువ్వడిగినావు, నానడగనేదు. మనింటి గుమ్మానికి రోజూ తల కొట్టుకునేది నువ్వే. ఈయనైతే సుకంగా వచ్చి సుకంగా పోతాడు. నాకీ మనిసే కావాల" అంది.

కూతురి మాటకి పోలినాయుడు కళ్ళు తుడుచుకున్నాడు. ముహూర్తం ఎల్లుండేనని అక్కడికక్కడే చెప్పేశాడు. తవుడికి నమ్మకం కుదరలేదు. నోరు బార్లా తెరిచి, ఒంటికాలి మీద నిలబడి, నులక ఒరుసుకున్న రెండో కాలు గోక్కుంటూ పిచ్చినవ్వు నవ్వాడు. బండెక్కబోతూ పోలినాయుడు వెనక్కి తిరిగి, ఇంక పిల్లాడిని లాగొద్దని, వంచొద్దని, నొక్కొద్దని గవరయ్యని బతిమాలాడు.

"ఉన్నోణ్ణి ఉన్నట్టే తెచ్చి అప్పజెప్పు బావా, అంతే సాలు" అన్నాడు.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. గవరయ్య వెనక్కి తిరిగి కొడుకుని చూశాడు. కదలొద్దురా అని ఒక్క కేక పెట్టాడు. ఉన్నవాడు ఎలా ఉన్నాడు? ఒంటికాలి మీద, నోరు తెరిచి, పిక్క గోక్కుంటూ ఉన్నాడు. అసిరయ్య పెరటి తలుపు ఊడబీకి బల్లగా తెచ్చాడు. తవుడిని అలాగే దాని మీదికి జరిపి, కాలు అలాగే, చెయ్యి అలాగే ఉంచి తాళ్ళతో కట్టారు. పెదవుల మధ్య నవ్వు జారిపోకుండా ఒక చిన్న పుల్ల పెట్టారు. నోరు తెరిచే ఉంది కాబట్టి గంజి పొయ్యడం మాత్రం చాలా సులువైంది. పెళ్ళికొడుకుని చెయ్యడం, నలుగు, మంగళస్నానం అన్నీ ఆ తలుపు మీదే జరిగాయి. నలుగు తవుడి కంటే తలుపుకే ఎక్కువ పట్టింది.

పెళ్ళినాడు బండిలోంచి తలుపు దించి పందిట్లో గుంజకి ఆనించేసరికి గుర్రాలపేట ఊరంతా పీటల మీంచి లేచి నిలబడింది. పురోహితుడు వరుణ్ణి కూర్చోబెట్టమన్నాడు. గవరయ్య ఒప్పుకోలేదు. కూర్చుంటే మనిషి సగానికి సగం తగ్గుతాడు, ఉన్నవాణ్ణి ఉన్నట్టు ఇస్తామని మాటిచ్చాం, మాట తప్పే వంశం కాదు మాది అన్నాడు. విప్పమని పోలినాయుడు నెత్తి కొట్టుకున్నాడు. అప్పజెప్పడం అంటే తాళి కట్టాకే కదా, అప్పటిదాకా పూచీ మాదేనని అసిరయ్య తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. ఇటు చూస్తే ముహూర్తం దాటిపోతోంది. ముత్యాలు తలవంచుకుని నవ్వు ఆపుకుంటూ, తలుపునే వంచమని మెల్లగా చెప్పింది. నలుగురు మగవాళ్ళు తలుపు పట్టుకుని పెళ్ళికూతురి మెడ మీదికి వంచారు. గవరయ్య కొడుకు చేతులు మణికట్టు దాకా మాత్రమే వదులు చేశాడు. తవుడు అలా ఏటవాలుగా వేలాడుతూ, నోట్లో పుల్లతో, కళ్ళవెంట నీళ్ళు కారుతుండగా మూడు ముళ్ళూ వేశాడు. ఒక ముడి జడకి పడిందని కొందరంటారు, అది మనకనవసరం.

తాళి పడింది కాబట్టి కట్లు విప్పారు. తవుడు పుల్ల ఉమ్మేసి, రెండు కాళ్ళ మీదా నిలబడి, ముత్యాలు చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుతూ పెద్దల కాళ్ళ దగ్గర వంగారు. పోలినాయుడు ముందుకొచ్చాడు. ఇద్దరి తలల మీదా అక్షింతలు వేసి, "పదికాలాల పాటు ఇలాగే ఉండండమ్మా" అన్నాడు.

అంతే. అసిరయ్య పెద్ద తలుపు కోసం వీధిగుమ్మం వైపు పరిగెత్తాడు. గవరయ్య కింద పడ్డ తాళ్ళు ఏరాడు. నూకమ్మ కొత్త కోడలి పక్కన చతికిలబడి, "ఒలే ముత్యాలూ, కళ్ళు మూసుకుంటావో తెరుసుకుంటావో ఇప్పుడే సెప్పెయ్యమ్మా. తరవాత పదికాలాల దాకా మార్సడానికుండదు" అంది.